నేలపట్టు చెఱువు – పుట్టింటి పక్షులు



ఈ మాసము మేము మొదటనే యొక తప్పు నొప్పుకొనవలసి యున్నది. గత భాద్రపదములో మా యూరి చెఱువుకట్టమీది తుమ్మచెట్లను కొట్టించవలసినదిగా స్త్రీలందఱు కలిసి పంచాయతీవారికి విన్నపము పంపిరి. దానిమీద ముప్పదియొక్క సంతకములు కలవు. వానిలో మాదియు నొకటి. సంతకము మాత్రమే కాదు, ఆ విన్నపమును కూర్చి వ్రాసినదియు మేమే. మా యింటివారు బడిపంతులగుటచేత ఊరిలో నెవరికి అర్జీ కావలసినను మా యరుగుమీదికే వత్తురు. వారు బడిలోనున్న వేళ ఆ పని మా పాలబడుచుండును. చిన్ననాడు మా నాయనగారు ఇంటనే కూర్చుండబెట్టి కావ్యములు చదివించినది ఇట్టి యర్జీలకొఱకని వారు కలలోనైన తలచి యుండరు.

కారణము చెప్పెదము. మూడేండ్లుగా కార్తికము రాగానే నీటికాకులును తెల్లకొంగలును వచ్చి ఆ చెట్లమీద గూళ్ళు కట్టుకొనుచున్నవి. ఆ కొమ్మలు సరిగా స్త్రీల రేవుపైకి వంగియున్నవి. బిందె ముంచబోవునంతలో పైనుండి రెట్ట పడును. ఒక్కొకప్పుడు గూటినుండి జాఱిన చేపయే పడును. ఏకాదశికని మడిగా ఆఱవేసికొన్న మా చీర గతి యొకనా డేమయ్యెనో వ్రాయ సిగ్గగుచున్నది. వాసన సంగతి చెప్పనే యక్కఱలేదు. ఈ యన్నిటిని విన్నపములో చక్కగా వర్ణించితిమి. పంచాయతీవారు చాల దినములు పలుకలేదు గాని, మార్గశిరము దాటిన పిదప, చెట్లను మాఘములో వేలము వేయుదుమని చాటించిరి. అప్పటికే గూళ్ళలో పిల్లలున్నవి. ఆ సంగతి మాకు తట్టలేదు. అర్జీ ఫలించినదని సంతోషించితిమి కూడ.

సంక్రాంతి వెళ్ళిన పదిదినములకు మా యింటివారు బడిపిల్లలకు నేలపట్టు చూపింప తీసికొనిపోవుచు, పిల్లల కాపుదలకు తోడుగా మమ్మును రమ్మనిరి. ఇరుగుపొరుగు స్త్రీలు మఱి నలుగురు కూడ వచ్చిరి. పులిహోరయు పెరుగన్నమును మూటలు గట్టుకొని బస్సెక్కితిమి.

నేలపట్టు సూళ్ళూరుపేటకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున, దొరవారిసత్రము మండలములో నున్నది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఆ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది. చేరినను మా నోట నెల్లూరుసీమ యనియే వచ్చును. 1976లో ప్రభుత్వమువారు ఈ చెఱువును, దాని చుట్టునున్న చిట్టడవిని కలిపి పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. మొత్తము సుమారు 459 హెక్టార్లు. అందులో చెఱువునీరు నిలుచునది 83 హెక్టార్ల లోపలనే. పులికాటును చూచిన కన్నులకు ఇంత చిన్నదా యనిపించినది.

నీటినడుమ కడపచెట్లు మొలలోతున మునిగి నిలిచియున్నవి. ఈ చెట్టు వింతయైనది. నెలల తరబడి మొదలు నీట నానినను కుళ్ళదు, నీరింకిన పిదప ఎండకును ఓర్చుకొనును. ఆ చెట్ల కొమ్మలు కనబడకుండ గూడబాతులు కూర్చుండి యున్నవి. బూడిదవన్నె మేను, పొడవైన ముక్కు, ఆ ముక్కు అంచున వరుసగా నల్లని చుక్కలు, ముక్కుక్రింద తోలుసంచి. దూరమునుండి చూడ, ముసలి పురోహితుడు ఉత్తరీయము కప్పుకొని గడ్డము రొమ్మున నానించి కునుకు తీయుచున్నట్లుండును. వానితోపాటు నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు, శబరికొంగలు. ఒక్కొక చెట్టు ఒక్కొక యగ్రహారమే యనవచ్చును.

గూడబాతు మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు నెలదినములు పొదుగును. పిల్ల యెగురగల్గుటకు మఱి మూడు నాలుగు మాసములు పట్టును. అంతదాక తల్లిదండ్రు లిరువురును పులికాటువఱకు పోయి చేపలు తెచ్చి మేపవలసినదే. తల్లి నోరు తెఱవగా పిల్ల తన తలను మెడదాక ఆ సంచిలో దూర్చివైచెను. మాతో వచ్చిన చిన్నది యొకతె, తల్లి పిల్లను మ్రింగుచున్నదని యేడ్వసాగినది. మాకును ఒక క్షణము అట్లే తోచినదని యిప్పుడు చెప్పుచున్నాము.

వాసన? మా రేవు వాసన దానిముందు సాంబ్రాణి. మా పొరుగామె కొంగు ముక్కునకు పెట్టుకొని తీయలేదు. అచ్చట కట్టక్రింద మేకలు మేపుకొనుచున్న యొక యవ్వ మమ్ము చూచి నవ్వినది. "ఏందమ్మా, కంపు కొడతా ఉందా? ఆ కంపే గదమ్మా మాకు అన్నం పెట్టేది" అన్నది. అదెట్లని యడిగితిమి. "ఈ నీళ్ళు మళ్ళల్లోకి పారితే పైరు నల్లగా లేస్తది. ఎరువు మూటలు అన్ని అక్కరలేదు. ఇవి రాని యేడు వాన కూడా రాదు. వాన రాని యేడు మేము ఊళ్ళు పట్టుకొని పోవాల్సిందే." "మఱి పిల్లలెవరును రాళ్ళు వేయరా, అవ్వా?" అంటిమి. అవ్వ మమ్ము తెలివిమాలినవారిని చూచినట్లు చూచినది. "పురిటికొచ్చిన ఆడబిడ్డ మీద రాయేస్తారామ్మా ఎవరైనా?"

ఇందులో కవిత్వమేమియు లేదు, లెక్కయే యున్నది. నెల్లూరు తీరమునకు నైరుతి వానలకంటె ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు పడు ఈశాన్యపు వానలే యాధారము. ఆ వానలకు చెఱువు నిండును. నిండిన చెఱువును చూచి పక్షులు దిగును. వందల గూళ్ళనుండి పడు రెట్టలో నత్రజనియు భాస్వరమును కలవు. ఆ రెండింటికే కదా రైతు అంగడిలో డబ్బు పోయుచున్నాడు! ఆ నీరు తూముగుండ పొలములోనికి పాఱును. నత్తగుల్లకొంగ పొలములోని నత్తలను ఏఱి తినును. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున సముద్రపు దీవులలో పక్షులు వేసిన రెట్టను పూర్వమచ్చటి ఇంకా ప్రభువులు పొలములకు వాడించిరనియు, పక్షులు గూళ్ళుకట్టు కాలములో దీవిలో కాలుపెట్టిన వానికి మరణదండన విధించిరనియు చదివితిమి. ఆ పక్షులలోను మన గూడబాతునకు దాయాదులు కలవు.

అయితే ఈ సఖ్యము ఎప్పుడును చిక్కులేనిదని తలపకుడు. మాఘ ఫాల్గునములలో రైతునకు నీరు కావలెను. చైత్రము వఱకు పక్షికిని నీరు కావలెను. గూళ్ళక్రింద నీరు తీసినచో కుక్కయు నక్కయు చెట్టుమొదటికి నడచిపోవును, క్రిందబడిన పిల్ల మఱి దక్కదు. తూము ఒక్క జానెడు ఎక్కువ ఎత్తుటయు మానుటయు ఇట్టి చెఱువుగల యూరిలో పెద్ద ధర్మసందేహము. చెట్లును చిరంజీవులు కావు. ఎక్కువయైన రెట్ట యేండ్లతరబడి పడిన చెట్టు క్రమముగా నెండును. ఒకటి నెండకముందే మఱియొకటి నాటవలెను.

ఆ రాత్రి ఇంటికి వచ్చిన పిదప మా యింటివారు తమ పాతపుస్తకములను దించి చూపిరి. 1840 ప్రాంతములలో నెల్లూరిలో వైద్యాధికారిగా నుండిన జెర్డనను దొర యానాదులవలన పక్షుల పేళ్ళను, నడవడులను తెలిసికొన్నాడట. అతడు తరువాత వ్రాసిన పక్షిశాస్త్ర గ్రంథములో, కర్ణాటకసీమలో నొక గ్రామమధ్యమున, పొట్టిచెట్లమీద, తరతరములుగా గూడబాతులు గూళ్ళు కట్టుటయు, మనుష్యుల సందడిని లెక్కచేయకుండుటయు చూచితినని చెప్పియున్నాడు. అదంతయు మాకు సంతోషముగానే యుండెను. తరువాత చదివినది కాదు. 1902లో కడపజిల్లాలో కనుగొనిన గూడబాతుల గూళ్ళ తావు 1906 తరువాత మఱి యెవ్వరికిని కనబడలేదు. 1946లో నీలకంఠన్ గారు పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున కనుగొనిన తావును పక్షులు విడిచిపోయినవి. పిమ్మట 1975లో కొల్లేటిలో నొక తావు కనబడినది. 1990 ప్రాంతమున అదియు పాడుపడి, పిమ్మట మరల నెలకొన్నది. ఒక్క జన్మలో మూడు పుట్టిండ్లు చెదరినవి! ఇదే పక్షికి నేలపట్టులో నింక నొక పుట్టిల్లున్నది. మేము వ్రాసిన విన్నపమువంటిది ఆ యూరివారు వ్రాయకపోవుటవలన గదా యుండినది అని తోచి నిదురపట్టలేదు.

మన తెలుగుదేశములో ఇట్టి యూళ్ళు లేకపోలేదు. శ్రీకాకుళముజిల్లా తేలినీలాపురములో గూడబాతులను ఎఱ్ఱకాళ్ళకొంగలను పురిటికి వచ్చిన కూతుండ్రుగా చూచుకొందురు. నేలపట్టు అవ్వ మాటయే అచ్చటి మాట. గుంటూరు చెంత ఉప్పలపాడులో చెట్లు చాలక, చెఱువులో ఇనుపకమ్మీలతో చెట్లవంటివి నిలిపిరి. పక్షులు వానిమీదను గూళ్ళు కట్టుచున్నవి. తమిళదేశపు వేడంతాంగల్ గ్రామస్థులు, తుపాకులతో పక్షులను కాల్చు తెల్లసిపాయిలమీద కలెక్టరునకు మొఱపెట్టుకొని, 18వ శతాబ్ది చివరనే పక్షులను కాపాడుకొను కౌలు సంపాదించిరి. వారును మావలెనే అర్జీ వ్రాసిరి!

మఱునాడు ఉదయమే మేము ఎదురింటి అత్తయ్యగారివద్దకు పోయితిమి. విన్నపములో మొదటి సంతకము వారిది. సంగతి చెప్పి, మన విన్నపమును వెనుకకు తీసికొందమంటిమి. వారు మజ్జిగ చిలుకుచు అంతయు వినిరి. "అమ్మాయీ, నేలపట్టు రైతుకు రెట్ట ఎరువే. కాదనను. మన రేవులో నీళ్ళు మోసుకొచ్చి పసిబిడ్డకు పోసే తల్లికి అదేమవుతుందో నీ పుస్తకాల్లో ఉందా?" అని యడిగిరి. మాకు నోట మాట రాలేదు. వారి మనుమడు ఆ వానకాలమున విరేచనములతో పదిదినములు పడి లేచినాడు. అది పక్షులవలననో, చెఱువులో పడవేయుచున్న చెత్తవలననో, పశువులను కడుగుటవలననో ఎవరు చెప్పగలరు? గాని ఆ యడుగుట న్యాయమే. పక్షిమీది జాలి పేరిట తల్లికి జవాబు చెప్పక తప్పించుకొనరాదు.

కావున మేము చెఱువును మొదటినుండి చూడవలసివచ్చినది. మాది సముద్రమునకు ఆమడలోపలి యూరు. నేలక్రింద ఉప్పునీరు పొంచియున్నది. చెఱువులో మంచినీరు నిలిచి నేలలోనికి దిగుచున్నంతకాలము అది వెనుకకు తగ్గియుండును. గొట్టపుబావులతో ఎక్కువ తోడినచో, రొయ్యలగుంటలు దగ్గఱకు వచ్చినచో, ముందునకు వచ్చును. శాస్త్రము తెలియని మా యత్తగారికిని ఈ సంగతి తెలిసియుండెను: కట్టక్రింది బావి నీటితో పప్పు ఉడుకును, వీథిచివరి గొట్టపుబావి నీటితో ఉడుకదు. కడపజిల్లా పోరుమామిళ్ళ చెఱువు శాసనము 1369 నాటిది. అందులో మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆఱు దోషములును చెప్పబడినవి. చౌడునేల ఆ దోషములలో నొకటి. మన పెద్దలు తటాకమును సప్తసంతానములలో నొకటిగా చేర్చినది ఊరక కాదు. కొడుకు నెట్లు సాకవలెనో చెఱువును అట్లే యేటేట సాకవలెను. పూర్వము కుడిమరామత్తని ప్రతి యింటినుండి ఒక మనిషి పోయి పూడిక తీసి కట్ట వేసెడివారు. ఆ కట్టుబాటు సడలిపోవుచున్నదని 1858లో మద్రాసు ప్రభుత్వము చట్టమే చేయవలసివచ్చినది. 1997లో మన రాష్ట్రములో నీటి సంఘముల చట్టము వచ్చినది. చట్టములు వచ్చుచునే యున్నవి. మా చెఱువులో పూడిక మాత్రము మేము కాపురమునకు వచ్చిననాటికంటె రెండుమూరలు పెరిగినది.

చెట్టు నేరము చిన్నది, మన నేరము పెద్దది యని అప్పుడు తెలిసినది. రేవు చెట్లక్రింద నుండవలెనని యెవరు విధించిరి? పూర్వము స్త్రీల రేవు కలుజువైపున నుండెడిదట. అచ్చట రాళ్ళు కదలిపోగా బాగుచేయువారు లేక ఇటు జరిగినది. ఆ రాళ్ళింకను అచ్చటనే పడియున్నవి.

అత్తయ్యగారితో ఈ మాట చెప్పితిమి. "రాళ్ళెవరు మోస్తారు? మీ మాస్టరుగారా?" అని నవ్విరి. గాని మఱునాడు సాయంకాలము తామే కఱ్ఱ పట్టుకొని వచ్చి రాళ్ళు లెక్కించి పోయిరి. పదునెనిమిది కలవు. 1992లో ఈ జిల్లాలోనే దూబగుంట స్త్రీలు సారాయి అంగడిని మూయించి రాష్ట్రమంతటిని కదలించిరి. వారితో పోల్చిన పదునెనిమిది రాళ్ళెంత!

మేము క్రొత్త విన్నపము వ్రాసితిమి. ఈమాఱు అలంకారములు లేవు. గూళ్ళను చెఱచుటయు గ్రుడ్లను తీయుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద నేరమనియు, 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ననుసరించి అధికారుల అనుమతి లేక చెట్లు కొట్టరాదనియు, వేలమును నిలుపవలసినదనియు, పక్షులు వెళ్ళిన పిదప వైశాఖములో అనుమతితో రేవుపైకి వంగిన కొమ్మలను మాత్రము తీయింపవలసినదనియు, కలుజువైపు పాతరేవును బాగుచేయింపవలసినదనియు, త్రాగుటకు కట్టక్రింది బావినీరే వాడునట్లు దాని యొరను కట్టింపవలసినదనియు వ్రాసితిమి. ముప్పదియొక్కమందిలో పందొమ్మిదిమంది సంతకము చేసిరి. అత్తయ్యగారు చేయలేదు. "రేవు అయిన తర్వాత చేస్తాను" అనిరి. మేము బలవంతపెట్టలేదు.

నాడు నేలపట్టునుండి తిరిగివచ్చు బస్సులో పిల్లలు కథ చెప్పుమనగా అరణ్యపర్వములోని యక్షప్రశ్నల కథ చెప్పితిమి. దప్పికగొన్న పాండవులు నలుగురు ఒకరి తరువాత నొకరు కొలనునకు పోయి, ఇది నాది, నా ప్రశ్నలకు బదులిచ్చి నీరు త్రాగుమను మాటను లెక్కచేయక పడిపోయిరి. ధర్మరాజు నిలిచి వినెను. అప్పుడు ఆ కొలను నాదియని పలికినది యేది యనుకొన్నారు? కొంగరూపున నున్న యక్షుడు. ఈ కథ మేము ఎన్నిమాఱులు చదివితిమో లెక్కలేదు. కొంగ యని యున్నదన్న సంగతి మాత్రము మాకు ఆ బస్సులోనే మొదటిసారి చెవిని బడినట్లయ్యెను. వెనుకనుండి యొక పిల్లవాడు, "అయితే పంతులమ్మగారూ, మన చెఱువులో కొంగను ఎవరైనా అడిగారా?" అనినాడు. పిల్లలందఱు నవ్విరి.

వేలము ప్రస్తుతమునకు ఆగినది, రద్దు కాలేదు. గ్రామసభ ఫాల్గున శుద్ధములో కూడునని చెప్పుచున్నారు. పదునెనిమిది రాళ్ళలో ఏడు కలుజువద్ద కుదురుకొన్నవి. తక్కినవి మోయుటకు ఆదివారము బడిపిల్లల తల్లులు వత్తుమనిరి. నీటికాకి పిల్లలకు ఱెక్కలు వచ్చినవి గాని యింకను కొమ్మకొమ్మకు దుముకుచున్నవేగాని యెగురుట లేదు. సభలో జరిగినది వచ్చు మాసము వ్రాసెదము. మీ మీ యూళ్ళలో స్త్రీల రేవును చెఱువుపక్షులను ఎట్లు సర్దుకొన్నారో తెలిసిన సోదరీమణులు ఈలోపల మాకు వ్రాసిన, దానిని సభలో చదివెదము.